ఏడు దినముల గడువు

గుంటూరులో మా మిత్రులొకరు పాఠశాలోపాధ్యాయులు. వారి కుమారుడు ఇంజనీరింగు కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నాడు. తన చేతులతో నొక కంప్యూటరును కూర్చుకొనవలెనని ఈ బాలుడు రెండేండ్లుగా ముచ్చటపడుచుండెను. ట్యూషనులు చెప్పి తాను కూడబెట్టినది కొంత, తండ్రి యిచ్చినది కొంత, మేనమామ పండుగకు చేతిలో పెట్టినది కొంత, అంతయు కలిసి 60,000 రూపాయలు. దసరా తగ్గింపుల దినములలో నతడు ఆన్‌లైను అంగళ్ళలో మదర్ బోర్డు, ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్సు కార్డు, పవర్ సప్లై, కేబినెట్టు మొదలగువానిని విడివిడిగా కొనెను. ఒకచోట నొకటి చవుక, మరియొకచోట మరియొకటి చవుక. ఒకటి యున్నచోట మరియొకటి లేదు. తండ్రి జీతము వచ్చువరకు నాగవలసినది యొకటి. కావున నైదుగురు వర్తకులనుండి ఆరు పార్సెళ్ళు.

మొట్టమొదట చేరినది మదర్ బోర్డు. నాలుగవ దినమున ప్రాసెసరు, అయిదవ దినమున మెమరీ, తరువాత తక్కినవి వచ్చినవి. పవర్ సప్లై మాత్రమెచ్చటనో గోదాములో చిక్కుకొని పండ్రెండవ దినమునగాని రాలేదు. ఆ రాత్రి తల్లియు తండ్రియు చెల్లెలును చుట్టును కూర్చుండగా నతడు మీట నొక్కెను. ఫ్యానులు తిరిగినవి. బోర్డుపై చిన్న యెఱ్ఱదీప మొకటి వెలిగి యట్లే నిలిచినది. తెర నల్లగానే యుండెను. తీసి బిగించెను, మరల తీసి మరల బిగించెను. మరునాడు స్నేహితుని మెమరీ తెచ్చి పెట్టి చూచెను. దీపము మారలేదు, తెర మారలేదు. దోషము బోర్డులోనే యున్నదని నిశ్చయించుకొని, కొన్నచోటికి మొరపెట్టుకొనెను. వచ్చిన ప్రత్యుత్తరము రెండు వాక్యములు: ఏడు దినముల గడువు ముగిసినది, ఉత్పత్తిదారుని సంప్రదింపుడు.

ఉత్పత్తిదారుని సేవాకేంద్రము హైదరాబాదులో నున్నది. కొరియరు ఖర్చు బాలునిదే. పదునెనిమిది దినముల తరువాత బోర్డు తిరిగివచ్చినది. దానితో నొక చీటి: సాకెట్టులో సూదులు వంగియున్నవి, ఇది భౌతికహాని, వారంటీ వర్తింపదు. అమ్మిన వర్తకుని నడిగిన, మేము ముద్రవేసిన పెట్టె నట్లే పంపితిమనెను. సంతను నడుపు కంపెనీ నడిగిన, మేము వర్తకులము కామనెను.

సూదులను బాలుడే వంచియుండవచ్చును గదా యని కొందరనవచ్చును. వంచియుండవచ్చును. మేమా బాలుని పక్షమున ప్రమాణము చేయబోము. ఇంటెల్ వారి ఎల్.జి.ఎ. 1700 అను సాకెట్టులో 1700 సన్నని సూదులు గలవు. ఏ.ఎమ్.డి. వారి కొత్త ఏ.ఎమ్. 5 సాకెట్టులో 1718. వెండ్రుకకంటె కొంచెము లావైన యా సూదులలో నొకటి రెండు వంగిన, మెమరీలో సగము కనబడకపోవచ్చును, యంత్ర మసలే మేలుకొనకపోవచ్చును. వంచిన చేయి ఫ్యాక్టరీలోనిదో, గోదాములోనిదో, ఇదివరకొకడు కొని తిరిగి పంపగా మరల ముద్రవేసి యమ్మిన వర్తకునిదో, బాలునిదో, ఇప్పుడెవ్వరు చెప్పగలరు? చెప్పుటకు వీలైన దినములు తొలి యేడు దినములే. ఆ యేడు దినములలో బోర్డును పరీక్షించుటకు వలసిన పవర్ సప్లై యింకను దారిలోనే యున్నది. మా వాదమంతయు ఇందే యున్నది.

చీర కొన్నవాడు పార్సెలు విప్పినంతనే చిరుగును చూడగలడు. కుక్కరు కొన్న యిల్లాలు ఆ పూటనే బియ్యము వండి చూడగలదు. కంప్యూటరు భాగము అట్టిది కాదు. మదర్ బోర్డు ఒక్కటి బల్లమీద నున్నంతవరకు నది పచ్చని పలకయే. దానికి విద్యుత్తు నిచ్చుటకు పవర్ సప్లై, తలచుటకు ప్రాసెసరు, జ్ఞాపకముంచుకొనుటకు మెమరీ, ఈ మూడును కూడినగాని యది బ్రతికినదో చచ్చినదో తెలియదు. అంతతోను తీరదు. ఇంటెల్ ప్రాసెసరులలో పేరు చివర ‘ఎఫ్’ అను నక్షరము గలవానిలో చిత్రమును తెరకు పంపు భాగము లేదు. రైజెన్ 5000 వరుసలో ‘జి’ లేనివానిలోను లేదు. అట్టి ప్రాసెసరు కొన్నవాడు గ్రాఫిక్సు కార్డు వచ్చువరకు నల్లని తెరనే చూచుచుండవలెను. పాత బోర్డుపై కొత్త ప్రాసెసరు పెట్టినచో, బోర్డులోని బయాస్ అను మూలప్రోగ్రామును మార్చువరకు నది లేవదు. బి 450 బోర్డులపై రైజెన్ 5000 ప్రాసెసరులు పెట్టినప్పుడును, బి 650 బోర్డులపై రైజెన్ 9000 పెట్టినప్పుడును ఎందరో యీ చిక్కులో పడిరి. పెట్టెలో నున్న బోర్డున నే బయాస్ కలదో అమ్మకపు పుటలో వ్రాయు వర్తకుని మేమింతవరకు చూడలేదు. మొదటిసారి కూర్చువాడు బోర్డు చచ్చినదనుకొని తలపట్టుకొని కూర్చుండును. అది బ్రతికియే యున్నదని తెలిసికొనుటకే నాలుగు దినములు పట్టును.

ఇట్టి వస్తువునకు ప్రతి భాగమునకును వేరువేరుగా, అది చేరిన దినమునుండియే, ఏడు దినములనియు పది దినములనియు గడువు లెక్కించుట యే న్యాయము? మొదట వచ్చిన భాగము గడువు, చివర వచ్చిన భాగము రాకమునుపే చచ్చుచున్నది. పెండ్లికొడుకు రాకమునుపే ముహూర్తము దాటిపోయినదని పురోహితుడు సంభావన పుచ్చుకొని లేచిపోయినట్లున్నది.

ఆ బాలుడు తొందరపడి విడివిడిగా నేల కొనవలెను, అన్నియు నొకేమారు కొనరాదా యని యడుగుదురేమో. తొందరపెట్టిన దెవ్వరు? ‘ఇంక రెండే మిగిలినవి’, ‘ఈ ధర నేటి రాత్రివరకే’ యని గడియారము వెనుకకు లెక్కించుచు తెరపై నూగులాడు నక్షరములు ఎవరివి? ఇట్టి కపటపు తొందరను మోసపురీతులలో నొకటిగ పేర్కొని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల సంరక్షణాధికార సంస్థవారు నిషేధించిరి. ఆ పట్టికలోని పదుమూడింటిలో నిది మొదటిదిగా నున్నది. కొనునప్పుడు క్షణముల లెక్క, మొరపెట్టుకొనునప్పుడు దినముల లెక్క, తిరిగి డబ్బిచ్చునప్పుడు నెలల లెక్క! అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యన్న పెద్దలు ఈ కాలపు సంతను చూడకయే చెప్పిరి.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. ఈ భాగము చదువరులు నెమ్మదిగా చదువవలెనని మా ప్రార్థన. కంపెనీల ధైర్యమంతయు మనము చట్టము చదువమను నమ్మకముమీదనే నిలిచియున్నది.

2019 వ సంవత్సరపు వినియోగదారుల సంరక్షణ చట్టము 2020 జూలైలో నమలునకు వచ్చినది. దాని వెంటనే ఆ నెలలోనే ఇ-కామర్సు నియమములు ప్రకటింపబడినవి. ఆ నియమముల ప్రకారము, సరుకు లోపభూయిష్టమైనను, నకిలీదైనను, ప్రకటించిన లక్షణములు లేనిదైనను, వర్తకుడు దానిని తిరిగి పుచ్చుకొననని గాని డబ్బు మరల్పనని గాని యనరాదు. ఆ నియమమున ఏడు దినములను మాటయే లేదు. కొనుగోలుదారుని ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెలలోపల పరిష్కరింపవలెను. వారంటీ యెవరిదో, సరుకు ఏ దేశమున తయారైనదో పుటలోనే తెలుపవలెను. ఇవన్నియు దయాధర్మములు కావు, విధులు.

కంపెనీల న్యాయవాదులు దీనికి జవాబు లేకుండ నుండరు. అదే చట్టమున నన్యాయవ్యాపారమునకు నిర్వచనము చెప్పుచోట, లోపము గల సరుకును ‘బిల్లులో పేర్కొన్న గడువులోపల’ తిరిగి పుచ్చుకొనకపోవుట యన్యాయమని యున్నది; కాబట్టి గడువు పెట్టుటకు మాకు హక్కు గలదని వారందురు. మంచిది. ఆ వాక్యమును చివరవరకు చదువుదము. బిల్లులో గడువు పేర్కొననిచో 30 దినములని యున్నది. మేమా బాలుని బిల్లును స్వయముగా చేతబట్టి చూచితిమి. ముందువైపు చూచితిమి, వెనుకవైపు చూచితిమి. వర్తకుని పేరు, జి.ఎస్.టి. సంఖ్య, పన్ను, మొత్తము, అన్నియు కలవు. ఏడు దినముల మాట యెక్కడను లేదు. అది అమ్మకపు పుటలో, చిన్న యక్షరములలో, నొక్కినగాని తెఱుచుకొనని యొక మూలలో నున్నది. బాలుడు మొరపెట్టుకొన్నది పదుమూడవ దినమున. ముప్పదిలో పదుమూడెంతో లెక్కించుటకు ఇంజనీరింగు చదువక్కరలేదు.

సంతను నడుపువారి వాదము వేరు. మేము అమ్మువారము కాము, కొనువానిని అమ్మువానిని కలుపువారము మాత్రమే యని వారందురు. ఈ మాటకు మూలము గలదు. విదేశపు పెట్టుబడిగల యిట్టి సంతలు తామే సరుకు నిలువయుంచి యమ్మరాదని ప్రభుత్వము శాసించి, 2019 ఫిబ్రవరి 1 నుండి నియమములను మరింత బిగించినది. చిల్లర వర్తకులను కాపాడుటకు చేసిన శాసనమది. నేడు దానినే డాలుగా పట్టుకొని కంపెనీలు కొనుగోలుదారునికి ముఖము చాటు చేయుచున్నవి. సరుకు వారి గోదాములోనే యుండును. వారి మనుష్యుడే పార్సెలు తెచ్చును. డబ్బు వారి ఖాతాలోనే పడును. అట్టపెట్టెపై వారి పేరే పెద్ద యక్షరములలో నుండును. వేడుకలన్నింటికి పెండ్లిపెద్దలు వారే. ఒక్క తగవు వచ్చిననాడు మాత్రము వారు దారిన పోవుచు పందిరిలోనికి తొంగిచూచిన బాటసారులు!

వారంటీ సంగతి యింకను చిత్రమైనది. ప్రాసెసరు రెండు విధముల నమ్మబడుచున్నది. ముద్రవేసిన పెట్టెలో నొకటి. కంప్యూటర్లు తయారుచేయు కంపెనీలకని పళ్లెములలో పేర్చి పంపు ‘ట్రే’ సరుకు మరియొకటి. పెట్టెలోనిదానికి మూడేండ్ల వారంటీ తయారుచేసిన కంపెనీయే యిచ్చును. ట్రే సరుకు కొన్నవానికి అమ్మినవాడే దిక్కు. పుటలో బొమ్మ యొక్కటియే, ధరలో వేయి రూపాయల భేదము. మొదటిసారి కొనువాడు వేయి రూపాయలు మిగిలినవని సంతోషించును. 2024 వ సంవత్సరమున ఇంటెల్ వారు తమ 13, 14 తరముల డెస్క్‌టాపు ప్రాసెసరులలో కొన్ని హెచ్చైన వోల్టేజి వలన క్రమముగా చెడుచున్నవని యొప్పుకొని, వారంటీని మరి రెండేండ్లు పొడిగించిరి. పెట్టెలోని ప్రాసెసరు కొన్నవారు కంపెనీకే మొరపెట్టుకొన వీలుండెను. ట్రే సరుకు కొన్నవారిని కొన్నచోటికే పొమ్మనిరి. ఆన్‌లైనులో కొన్నవానికి ‘కొన్నచోటు’ ఏది? వర్తకుడు దుకాణము మూసికొని పేరు మార్చుకొనిన, ఏ తలుపు తట్టవలెను? వేయి రూపాయలకు మనము అమ్ముకొన్నది ఆ తలుపును.

ఇక పార్సెలు విప్పునప్పుడు చలనచిత్రము తీయవలెనట! తీయనివాని ఫిర్యాదు చెల్లదని యెందరో వర్తకులు పుటలలో వ్రాసియున్నారు. కొన్నవాడు తాను దొంగ కానని తొలి దినముననే సాక్ష్యము కూర్చుకొనవలెను. అమ్మినవాడు పెట్టె మూయునప్పుడు తీసిన చిత్రమేది యని యడిగినవారెవ్వరు? మేమేకపక్షముగా మాటలాడదలచుకొనలేదు. కొనువారిలోను దుర్మార్గులు కలరు. కొత్త గ్రాఫిక్సు కార్డు తీసికొని పెట్టెలో పాతది పెట్టి తిరిగి పంపువారు కలరని వర్తకులు మొరపెట్టుకొనుచున్నారు, అది నిజమే. అయితే అట్టి పెట్టె తిరిగి గోదామునకు పోయి, మరల ముద్ర పడి, గుంటూరు బాలునివంటి వాని యింటికి వచ్చుచున్నది. దొంగ యొకడు, దొరికినవాడు వేరొకడు. ప్రతి కార్డుపైనను, బోర్డుపైనను క్రమసంఖ్య యున్నది. పంపునప్పుడు ఆ సంఖ్యను బిల్లుపై వ్రాసి, తిరిగి వచ్చినప్పుడు సరిచూచుకొన్నచో నీ మోసము సగము పోవును. ఆ శ్రమకు కూలి యియ్యనొల్లక, అనుమానమును మాత్రము ఉచితముగా నింటింటికి పంపుచున్నారు.

మా ధోరణి చదివి, దుకాణమునకే పోరాదాయని పెద్దలనుకొనవచ్చును. సికిందరాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు గలదు. చెన్నపట్టణమున రిచీ వీథి, బెంగుళూరున ఎస్.పి. రోడ్డు, ఢిల్లీలో నెహ్రూప్లేసు గలవు. అక్కడి మంచి వర్తకుడు భాగములన్నియు బల్లమీదనే కూర్చి, మీట నొక్కి, తెరపై వెలుగు చూపించి మరీ డబ్బు పుచ్చుకొనును. ఆన్‌లైను సంతలో మనము పోగొట్టుకొన్నది ఆ వెలుగునే. అయినను ఆ వీథులలో పాపము లేదని చెప్పలేము. 2021 లో గ్రాఫిక్సు కార్డులు కరవైనప్పుడు, కార్డొక్కటే యియ్యము, మాయొద్ద మిగిలిపోయిన బోర్డును పవర్ సప్లైని కూడ కొన్నగాని యియ్యమని పీడించిన దుకాణములు లేకపోలేదు. బిల్లు లేకున్న పన్ను తగ్గింతుమని చెవిలో చెప్పువారును లేకపోలేదు. అదియు గాక, నరసరావుపేట బాలుడు, పార్వతీపురము బాలుడు సికిందరాబాదునకు పోయివచ్చుటకు రైలు ఖర్చు, రెండు దినముల చదువు పోగొట్టుకొనవలెను. భాగము చెడినచో మరల రెండు దినములు. చిన్న పట్టణముల పిల్లలకు ఆన్‌లైను సంత విలాసము కాదు, అదియే దారి. కనుకనే ఆ దారిని దొంగలకు వదలరాదని మా పట్టుదల.

కూర్చుటయేల, లాప్‌టాపు కొనరాదాయని మరియొక సలహా. కొన్నవారు కొనుకొందురు గాక. కూర్చుకొన్నవానికి యంత్రములో నేది యెచ్చటనున్నదో తెలియును. మెమరీ చాలకున్న మెమరీ యొక్కటే మార్చును. నాలుగేండ్లకు ప్రాసెసరు మార్చును, కేబినెట్టు అదే యుండును. చెడిన భాగము తానే గుర్తించును. మన దేశమున సెమికండక్టర్ల పరిశ్రమ నెలకొల్పుటకు 2021 డిసెంబరులో ప్రభుత్వము 76,000 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసినది. ఆ ఫ్యాక్టరీలలో రేపు పనిచేయవలసినవా రెవ్వరు? స్క్రూడ్రైవరు చేతబట్టి రాత్రి పండ్రెండు గంటలవరకు నెఱ్ఱదీపము వంక చూచిన యీ బాలురే గదా! వీరి మొదటి యనుభవము మోసపోవుట యైనచో, రెండవసారి స్క్రూడ్రైవరు పట్టుదురా?

ప్రభుత్వమునకు మరియొక బాధ్యత యున్నది. ఈ భాగములపై జి.ఎస్.టి. నూటికి 18. ఆ బాలుని 60,000 లో సుమారు 9,150 రూపాయలు పన్నే. ఉపాధ్యాయుని యింటినుండి 9,150 రూపాయలు తీసికొన్న ప్రభుత్వము, ఆ యింటికి చచ్చిన బోర్డు వచ్చినప్పుడు అది ప్రయివేటు తగవని యూరకుండుట తగునా?

ఈ తగవునకు కాలము కూడ ప్రతికూలముగా మారినది. 2025 చివరి నెలలలో మెమరీ ధరలు రెండింతలు దాటిపోయినవి. కృత్రిమమేధకు కట్టు పెద్ద పెద్ద డేటాకేంద్రములు మెమరీ నంతయు మ్రింగుచున్నవి. ప్రపంచపు డి-రామ్ మెమరీలో మిక్కిలి భాగము శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అను మూడు కంపెనీల చేతిలో నున్నది. వానిలో మైక్రాన్‌వారు క్రూషియల్ అను పేర సామాన్యులకు అమ్ము మెమరీ వ్యాపారమును విరమించుకొందుమని 2025 డిసెంబరులో ప్రకటించిరి. దీని ఫలమేమి? ధర తగ్గినప్పుడొక భాగము, చేత డబ్బాడినప్పు డింకొక భాగము, ఇట్లు మూడేసి నెలలు కాచుకొని కొనువారు హెచ్చుచున్నారు. వారికి ఏడు దినముల గడువు పేరునకు మాత్రమే గడువు. మరియొక చిక్కు. మునుపటి ధరకు కొన్న మెమరీ చెడినది. వర్తకుడు మార్చి యియ్యక, మీ డబ్బు మీరు తీసికొనుడని మునుపటి ధర చేతిలో పెట్టును. ఆ డబ్బుతో నేడు సగము మెమరీయైన రాదు. పుస్తకములలో లెక్క సరిపోయినది, బాలుని యంత్రము మాత్రము లేవలేదు. చెడిన భాగమునకు భాగమే యియ్యవలెను గాని పాత ధర కాదని నియమములలో స్పష్టముగా చేర్చవలెను.

కంప్యూటరు భాగముల విషయమున గడువును పరీక్షకు వీలైన దినమునుండి లెక్కించుట కష్టమని యెవ్వరైన ననవచ్చును. ఒకే సంతలో, ఒకే ఖాతాపై కొన్న భాగముల చరిత్రమంతయు కంపెనీవారి యొద్ద నున్నది. నిన్న మనము చూచిన చెప్పుల జతను నేడు మనకు మరల చూపించి కొనుమని వేధించువారికి, బోర్డు కొన్నవాడు పవర్ సప్లై యింకను అందుకొనలేదని తెలియదా? చివరి భాగము చేరిన దినమునుండి గడువు నడువవలెను. వేరువేరు సంతలలో కొన్నవానికి ముప్పది దినములకు తగ్గని గడువుండవలెను. ఇంతకు తక్కువ దేనికిని మనము సమ్మతింపరాదు.

నియమములు మారువరకు కొనువారు చేయదగిన పనులు కొన్ని కలవు. బోర్డు, ప్రాసెసరు, మెమరీ, పవర్ సప్లై, ఈ నాలుగును ఒకే వారములో చేరునట్లు చూచుకొని, కేబినెట్టు, అలంకారపు దీపములు ముందుగానో వెనుకగానో కొనుకొనుడు. అన్నియు చేరిన దినముననే కేబినెట్టులో బిగింపక, బోర్డు వచ్చిన అట్టపెట్టెమీదనే పెట్టి వెలిగించి చూడుడు. సాకెట్టుపై మూత తీసినవెంటనే, ప్రాసెసరు పెట్టకమునుపే, సూదులకు దగ్గరగా ఫొటో తీయుడు; మన బాలుడు చేయనిది ఆ యొక్క పనియే. బిల్లులేని తగ్గింపు తగ్గింపు కాదు. ఫోనులో మాటలాడిన మాట గాలిలో పోవును గనుక, ఫిర్యాదును వ్రాతలోనే పెట్టుడు. 1915 అను సంఖ్యకు ఫోను చేసిన జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము పలుకును. అక్కడ తీరనిచో జిల్లా కమిషను గలదు. కంపెనీ బెంగుళూరులో నుండనిండు, ఢిల్లీలో నుండనిండు, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చునని 2019 చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. 5 లక్షల రూపాయలవరకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు. రెండేండ్లవరకు గడువున్నది. వస్తువును పరీక్షకు పంపవలసివచ్చిన, కమిషనే ప్రయోగశాలకు పంపగలదు. పరీక్ష లేనిచో మూడు నెలలలోను, పరీక్ష యున్నచో నైదు నెలలలోను తీర్పు చెప్ప యత్నింపవలెనని చట్టము. అనేకములైన కమిషనులలో నీ గడువు దాటిపోవుచున్న దనుట నిజమే. దాటినను, దావా వేసినవానికి తేదీ యున్నది. వేయనివానికి అదియు లేదు. మన గ్రంథాలయములలో సాయంకాలము కూడు వకీళ్ళును ఉపాధ్యాయులును వారమున కొక గంట యిట్టి పత్రములు వ్రాసిపెట్టుటకు కేటాయింపరాదా?

ఇంత శ్రమ 60,000 రూపాయల యంత్రమునకా, 9,000 రూపాయల బోర్డునకా యని నవ్వువారు నవ్వనిండు. కంపెనీలవారును ఆ నవ్వునే నమ్ముకొనియున్నారు. తొమ్మిది వేలకు దావా వేయువాడుండడని వారి లెక్క. ఊరికి నలుగురు వేసినచో ఆ లెక్క తప్పును. ఏడు దినములు ముప్పది దినములగుటకు వారికి పార్లమెంటు కూడ నక్కరలేదు.

గుంటూరు బాలుడు జిల్లా కమిషనులో ఫిర్యాదు దాఖలు చేసియున్నాడు. బిల్లు, రెండు వాక్యముల ప్రత్యుత్తరము, సేవాకేంద్రపు చీటి, మూడును జతపరచినాడు. బోర్డు వారి యింటి బల్లమీద, దాని పెట్టెలో నట్లే యున్నది. ప్రతిపక్షులు ముగ్గురికిని నోటీసులు పోయినవి. వారేమి జవాబు చెప్పుదురో, ఆ జవాబును ఈ పుటలోనే ప్రకటింతుము.